కాసులు తక్కువ, కాలక్షేపం ఎక్కువ: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమల వినోద చరిత్ర

పదవీ విరమణ చేసినవారికి, మధుమేహం కొత్తగా బయటపడినవారికి, నిద్ర పట్టడం లేదని వచ్చేవారికి వైద్యులు తరచుగా ఇచ్చే సలహా ఒకటుంది: ఏదైనా ఒక వ్యాపకం పెట్టుకోండి. దానికి వచ్చే జవాబు కూడా దాదాపు ఒకటే: "అవన్నీ డబ్బున్నవారికి సార్, మాకెక్కడివి?" వ్యాపకం అనగానే క్లబ్బు సభ్యత్వం, జిమ్ము రుసుము, విహారయాత్ర, ఖరీదైన కెమెరా మన కళ్ల ముందు కదులుతాయి. ఈ భావన ఎంత కొత్తదో తెలియాలంటే కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల చరిత్రను ఒకసారి చూడాలి. వాన తక్కువై, కరువు తరచై, చేతిలో రొక్కం ఆడని ఈ నేలలో జనం తమ తీరికను ఎలా గడిపారన్నది వైద్యునికి కూడా పనికివచ్చే విషయమే.

వర్షాధార సేద్యంలో తీరిక మనిషి కోరితే వచ్చేది కాదు, ఋతువు ఇచ్చేది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో జొన్న, శనగ, పత్తి ఇంటికి చేరాక మళ్లీ తొలకరి వరకు పొలంలో పని అంతంతమాత్రం. శ్రీరామనవమి ఉత్సవాలు, తిరునాళ్లు, భజనలు, బొమ్మలాటలు చాలావరకు ఆ వేసవి రాత్రులకే అమరాయి. పగలు ఎండ, రాత్రి వెన్నెల, ఆరుబయట గుడి ముంగిలి. ఇంతకు మించిన రంగస్థలం ఎవరూ అడగలేదు.

తోలుబొమ్మలాట వారు ఊరికి వస్తే ఆట రాత్రంతా సాగేది. తెల్లని తెర, వెనుక దీపాలు, చెక్కచప్పుడు, మద్దెల. ఇంటికొక టిక్కెట్టు ఉండేది కాదు. ఊరంతా కలిసి ధాన్యం, బట్టలు, కొంత రొక్కం ఇచ్చి పంపేది. ఉన్నవాడు ఎక్కువ ఇచ్చేవాడు, లేనివాడు గంప బోర్లించుకుని కూర్చుని చూసేవాడు. ఆ ఖర్చును విడివిడిగా ఏ ఇల్లూ మోయలేదు. ఈ చరిత్రలో నేను ముఖ్యంగా గమనించమని కోరేది ఇదే.

బొమ్మలాట నుండి మనుషుల నాటకం పుట్టినది కూడా ఈ జిల్లాలోనే. 1876-78 నాటి మహాక్షామాన్ని సీమ జనం ధాత కరువు అని చెప్పుకునేవారు. కడప జిల్లా ఆ దెబ్బను గట్టిగానే తిన్నది. అది గడిచిన కొన్నేళ్లకే, 1885లో, సురభి గ్రామంలో ఒక పెళ్లి వేడుకలో అతిథుల వినోదం కొరకు వనారస గోవిందరావు, ఆయన బంధువులు బొమ్మలకు బదులు తామే వేషాలు కట్టి 'కీచకవధ' ఆడారు. వారి పూర్వులు మహారాష్ట్ర ప్రాంతం నుండి వచ్చి తోలుబొమ్మలాటతో జీవించినవారు. ఆ గ్రామం నేటి పులివెందుల శాసనసభ నియోజకవర్గంలోని చక్రాయపేట మండలంలో ఉంది. విరాటపర్వం చదివితే, ఆడితే వానలు కురుస్తాయన్న నమ్మకం తెలుగునాట ఉంది. కీచకవధ ఆ పర్వంలోని కథే. వాన సంగతి ఎలా ఉన్నా, ఆ పెళ్లింటి ఆట మాత్రం సురభి నాటక సమాజాలుగా విస్తరించి తెలుగుదేశమంతా తిరిగింది. పురుషులే స్త్రీ వేషాలు కట్టే కాలంలో సురభి కుటుంబాల స్త్రీలు రంగస్థలం ఎక్కారు. ఆ సంప్రదాయాన్ని నిలబెట్టిన నాగేశ్వరరావుకు (బాబ్జీకి) 2013లో పద్మశ్రీ లభించింది. పులివెందుల తాలూకా సింహాద్రిపురంలో 1931లో జన్మించిన హాస్యనటుడు పద్మనాభం కూడా నాటకాల నుండే సినిమాలకు వెళ్లారు.

ఇక జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల సొంత సరదా వేరు. అది పద్యం. జమ్మలమడుగులో జన్మించిన దుర్భాక రాజశేఖర శతావధాని (1888-1957), అదే ప్రాంతపు నెమళ్లదిన్నెలో జన్మించిన గడియారం వేంకట శేషశాస్త్రి (1894-1980) జంటకవులుగా అవధానాలు చేశారు. ఒకరు 'రాణాప్రతాపసింహ చరిత్ర', మరొకరు 'శివభారతం' రచించారు. పుట్టపర్తి నారాయణాచార్యులు (1914-1990) తన 'శివతాండవం' రచించింది ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయంలోనే అని ప్రసిద్ధి.

అష్టావధానానికి కావలసిన సామగ్రి ఏమిటి? ఒక చాప, ఒక గంట, ఎనిమిదిమంది పృచ్ఛకులు. ఒకరు అక్షరాన్ని నిషేధిస్తారు, ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు పదాలిచ్చి పద్యం అడుగుతారు, మధ్యలో ఒకరు సంబంధం లేని ప్రశ్నలతో వేధిస్తారు, వెనుక గంట మోగుతూ ఉంటే అవధాని ఆ లెక్కను కూడా మనసులో ఉంచుకోవాలి. చూసేవారు కూడా ఊరికే కూర్చోరు. తరువాతి పాదం ఎలా వస్తుందోనని తమలో తాము పూరించుకుంటూ ఉంటారు. జ్ఞాపకశక్తికి, ఏకాగ్రతకు ఇంతటి కసరత్తును నేటి ఫోను ఆటలు ఇస్తాయా అన్నది నా సందేహం. బంగారు అంగళ్లకు పేరుమోసిన ఊరిలో ఇంత చవకైన వేడుక వర్ధిల్లడం నాకు ముచ్చటగా ఉంటుంది.

పద్యం రానివారికి చెక్కభజన ఉంది, కోలాటం ఉంది. చేతిలో గజ్జెలు పొదిగిన చెక్కలు, లేదా రెండు కర్రలు. గురువు కొన్ని వారాలు ఊరిలో ఉండి రాత్రిపూట అడుగులు, కోపులు నేర్పి, చివరికి ఊరిచ్చిన సంభావన తీసుకుని వెళ్లేవాడు. పాట పాడుతూ, తాళం తప్పకుండా, ఎదుటివాని కర్రను గమనిస్తూ, వలయంలో తిరుగుతూ గంటసేపు ఆడటమంటే ఊపిరితిత్తులకు, కాళ్లకు, సమతౌల్యానికి, జ్ఞాపకానికి ఒకేసారి పని. ఇంకా ఓపిక లేని ముసలివారికి గుడి బండలపై గీసిన పులిమేక ఉండేది. మూడు పులులు, పదిహేను మేకలు, అన్నీ గులకరాళ్లే. దానికి పులిజూదం అని పేరున్నా పందెం అవసరం లేదు. ఆడవారికి బారాకట్ట, వామనగుంటలు. గవ్వలు, చింతగింజలు చాలు.

అయితే ఆ కాలాన్ని బంగారు కాలంగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. గుడి ముంగిలి అందరిదీ కాదు. దళితులు దూరంగా నిలబడి చూడవలసి వచ్చేది. పొలంపని ముగిసినా ఇంటిపని ముగియని స్త్రీలకు ఋతువు ఇచ్చే తీరిక కూడా దక్కలేదు. తిరునాళ్లలో సారా ఉంది, కోడిపందేలూ ఉన్నాయి. ఆ లోటును కొంత పూడ్చింది గ్రంథాలయం. కడప జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే, 1948లో, అక్కడ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలు చేసే పద్ధతి నేటికీ ఉంది. మీ పన్ను రసీదు తీసి చూడండి. శాఖా గ్రంథాలయంలో దినపత్రిక చదివే రుసుమును మీరు ముందే చెల్లించారు. వెళ్లి కూర్చోకపోతే నష్టం మీదే. కడపలో బ్రౌను దొర నివసించిన చోట, జానమద్ది హనుమచ్ఛాస్త్రి దీక్షతో వెలసిన గ్రంథాలయానికి ఒక ఆదివారం బస్సు ఛార్జీ పెట్టి వెళ్లి రావడం కూడా విహారయాత్రే.

సినిమా, టీవీ, ఫోను వరుసగా వచ్చాక ఆడేవాడు చూసేవాడయ్యాడు, ఊరంతా మోసిన ఖర్చు ఎవరిది వారికి వచ్చి పడింది. అంతటితో ఆగినా బాగుండేది. క్రికెట్ పందేల కేసుల వార్తలు ప్రొద్దుటూరు నుండి తరచుగా వస్తున్నాయి. పందెంలో జీతం పోగొట్టుకున్న యువకునికి నిద్ర పట్టదు, ఆకలి ఉండదు, ఇంట్లో అబద్ధాలు మొదలవుతాయి. ఇది కూడా వ్యసనమే, చికిత్స ఉన్న వ్యాధే. మానసిక వైద్యుని వద్దకు తీసుకువెళ్లడానికి సిగ్గుపడవద్దు. అతనికి సాయంత్రం ఏడు నుండి తొమ్మిది వరకు వేరొక పని చూపకుండా మందు మాత్రమే ఇస్తే అది సగం వైద్యమే.

2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అమెరికా నుండి ఒక అధ్యయనం వెలువడింది. 75 ఏళ్లు దాటిన 469 మందిని సంవత్సరాల తరబడి గమనించారు. చదవడం, బల్లపై ఆడే ఆటలు, వాద్యం వాయించడం, నృత్యం అలవాటున్నవారిలో మతిమరుపు వ్యాధి తక్కువగా కనిపించింది. శారీరక వ్యాపకాలలో ఆ సంబంధం కనిపించినది నృత్యానికి ఒక్కదానికే. ఇది కారణాన్ని రుజువు చేసే పరిశోధన కాదు. జబ్బు మొదలవుతున్నవారే ముందుగా సరదాలు మానేస్తూ ఉండవచ్చు. అయినా ఆ జాబితాలోని గ్రంథాలయం, పులిమేక, మద్దెల, కోలాటం మన ఊళ్లలో ఇదివరకే ఉన్నవి.

నేడు కోలాట బృందాలలో స్త్రీలే ఎక్కువగా కనిపిస్తున్నారు. మీ వీధిలో బృందం ఉంటే చేరండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన వారానికి 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామంలో మూడు సాయంత్రాల కోలాటం చాలా భాగాన్ని తీర్చగలదు. మోకాళ్ల అరుగుదల ఉన్నవారు ఎగిరే అడుగులు వదిలి నడక అడుగులే వేయాలి. గుండెజబ్బు ఉన్నవారు, స్టెంటు వేయించుకున్నవారు తమ వైద్యుని అడిగి మొదలుపెట్టాలి. ఛాతీలో బరువు, ఆయాసం అనిపిస్తే వెంటనే ఆపి చికిత్సకు వెళ్లాలి. ఇన్సులిన్ తీసుకునేవారు జేబులో కొంచెం చక్కెరో, బెల్లం ముక్కో ఉంచుకోవాలి. బండల మీద కాకుండా మట్టినేలపై ఆడితే కీళ్లకు మంచిది. కర్రలు వెదురువైనా చాలు.