మారుమనువు నుంచి విడాకుల దాకా: తెలుగునాట కాపురాల నిలకడ

తెలుగునాట కాపురాలు ఎందుకు నిలిచాయి, ఎందుకు విరుగుతున్నాయి అన్నదానికి వాడుకలో రెండు వివరణలున్నాయి. పూర్వం పెళ్లి సంస్కారం కనుక నిలిచిందని, చదువూ ఉద్యోగమూ చట్టమూ వచ్చాక సడలిందని ఒకటి. పూర్వం స్త్రీకి ఏ దారీ లేదని, 19వ శతాబ్దపు సంస్కర్తలూ ఆ తర్వాతి చట్టాలూ ఆమెకు తలుపు తీశాయని రెండోది. రెండూ ఎదురెదురు వాదాల్లా కనిపిస్తాయి గానీ పునాది ఒకటే. కొద్ది కులాల ఇళ్లలో నడిచిన పద్ధతినే రెండూ తెలుగువారందరి పద్ధతిగా తీసుకున్నాయి. మిగిలిన కులాల ఆచారాన్ని కూడా లెక్కలో వేసుకుంటే కథ క్రమం మారుతుంది.

పాత దశలు తెలిసినవే. ధర్మశాస్త్రాలు ఎనిమిది రకాల వివాహాలను చెప్పాయి. మొదటి నాలుగింటికి విడుదల లేదన్న కౌటిల్యుడు, తక్కిన వాటిలో భార్యాభర్తలు ఒకరినొకరు ద్వేషిస్తే విడిపోవచ్చన్నాడు. శాతవాహనుల కాలపు గాథాసప్తశతిలో పల్లెటూరి ప్రేమలూ అలకలూ వియోగాలూ కనిపిస్తాయి. జనం నిజంగా ఎలా కాపురం చేశారో చెప్పడానికి మాత్రం ఈ ఆధారాలు చాలవు.

అంతకంటె గట్టి సాక్ష్యం భాషలో ఉంది. ‘విడాకులు’ సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాట కాదు. రెండోసారి కాపురం పెట్టడానికి ‘మారుమనువు’ అనీ, వరుడి వైపు నుంచి పిల్ల తండ్రికి ముట్టే సొమ్ముకు ‘ఓలి’ అనీ, అల్లుడే అత్తవారింటికి వచ్చి ఉండడానికి ‘ఇల్లరికం’ అనీ అచ్చమైన తెలుగు మాటలున్నాయి. పెళ్లి విడరానిదే అయిన సమాజానికి ఇన్ని మాటలతో పని ఉండదు. దక్షిణాది కులాల గురించి 1909లో ఏడు సంపుటాలుగా వెలువడిన థర్‌స్టన్ గ్రంథం మాల, మాదిగ, బోయ మొదలైన అనేక కులాల్లో విడిపోవడం, మళ్లీ మనువాడడం మామూలేనని నమోదు చేసింది. ఆ గ్రంథం వలసపాలన అవసరాల కోసం పుట్టింది, చాలాచోట్ల కులాన్ని కదలని వస్తువులా చూసింది. అయినా ఈ ఒక్క విషయంలో భాషా, కుటుంబాల జ్ఞాపకాలూ దాన్నే బలపరుస్తున్నాయి.

ఆ ఏర్పాటు ఎలా పనిచేసేదో చూస్తేనే నిలకడకు మూలం తెలుస్తుంది. కాపురం చెడితే విషయం కులపెద్దల ముందుకు వచ్చేది. తప్పు మొగుడిదైతే అతనికి జరిమానా వేసేవారు. ఆలు వేరొకరితో వెళ్లదలిస్తే ఆ రెండోవాడు మొదటివాడి పెళ్లిఖర్చో ఓలో తిరిగి కట్టేవాడు. లెక్క తేలాక ఆడంబరమేమీ లేకుండా మారుమనువు జరిగేది. మొదటి పెళ్లికున్న గౌరవం దీనికి ఉండేది కాదు, కానీ పుట్టిన బిడ్డలు కులంలో పిల్లలే. నాట్లూ కలుపులూ కోతలూ ఆడవాళ్ల చేతుల మీదుగానే సాగేవి కాబట్టి ఒక మనిషి ఇల్లు విడిచి వెళ్లడమంటే రెండు చేతుల పని పోవడమే. ఓలి ఆ పనికి కట్టిన వెల. భార్యను తరిమేస్తే మళ్లీ ఓలి ఇచ్చుకోవాలన్న భయం మొగుడి నోటినీ చేతినీ కొంత అదుపులో పెట్టేది.

దీనికి తోడు పుట్టిల్లు దగ్గరగా ఉండేది. దక్షిణాదిలో పిల్లను తెలిసిన ఇంటికే ఇస్తారని, ఉత్తరాదిలో తెలియని దూరపు ఊరికి పంపుతారని మానవశాస్త్రవేత్త ఇరావతీ కర్వే 1953లోనే వివరించింది. మేనరికంలో అత్త మేనత్తే కావచ్చు, మామ మేనమామే కావచ్చు. అలిగిన ఆడపిల్ల పొద్దుటికి పుట్టింటి అరుగు మీద ఉండేది. రెండు రోజులకు మొగుడు వచ్చి బతిమాలుకుని తీసుకెళ్లేవాడు. కమ్మ, రెడ్డి కుటుంబాల ఇల్లరికాన్ని మద్రాసు కోర్టులు కూడా గుర్తించాయి. అక్కడైతే సొంత ఇల్లు విడిచి వచ్చినవాడు అల్లుడే. తిరిగి వెళ్లడానికి చోటు ఉన్నందువల్లనే చాలామందికి తిరిగి వెళ్లవలసిన అవసరం రాలేదనుకోవడానికి కొంత ఆధారం ఉంది.

ఇదంతా స్వర్ణయుగమని చెప్పడానికి వీల్లేదు. ఓలి తండ్రి చేతికి ముట్టేది, పిల్ల చేతికి కాదు. కులపెద్దలందరూ మగవాళ్లే, తప్పు బరువు ఎక్కువసార్లు ఆడదాని నెత్తినే పడేది. మేనరికం పేరుతో ఇష్టం లేని మేనమామకు పిల్లను కట్టబెట్టడమూ ఉంది. కులం గీత దాటినవారికి ఈ పెద్దల దగ్గర దయ లేదు. చెప్పగలిగింది ఒక్కటే. ఈ నిలకడ పెళ్లి పవిత్రత వల్ల వచ్చింది కాదు, ఇరువైపులా నష్టభయం ఉండడం వల్ల వచ్చింది.

1856 నుంచి 1955 వరకు నడిచిన నూరేళ్లలో ఆ సమతూకం చెదిరింది. వివాదమంతా ఈ కాలం గురించే. 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం మారుమనువు లేని కులాల స్త్రీలకు మేలు చేసింది. అయితే మళ్లీ పెళ్లాడిన వితంతువు మొదటి భర్త ఆస్తిపై హక్కు కోల్పోతుందని అదే చట్టంలోని 2వ సెక్షన్ చెప్పింది. కులాచారమే పునర్వివాహాన్ని అంగీకరించే చోట ఈ నియమం వర్తించదని అలహాబాదు హైకోర్టు భావించింది. మద్రాసు, బొంబాయి, కలకత్తా హైకోర్టులు వర్తిస్తుందన్నాయి. కొన్ని కులాల్లో ఆచారం ప్రకారమే ఆ ఆస్తి వదులుకోవలసి వచ్చేదన్నది నిజమే. అయినా పెద్దలు కూర్చుని బేరమాడి తేల్చుకునే సంగతి ఇప్పుడు బేరం లేని నియమమైంది. మొగుడు పోయి రెండెకరాల చెక్క మిగిలిన ఆడదానికి మనువా, మడిచెక్కా అన్న ప్రశ్న ఎదురైంది.

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం జరిపించిన మొదటి వితంతు వివాహం గొప్ప ధైర్యమే. బాల్యవైధవ్యం నరకంగా మారిన ఇళ్లకు అది వెలుగు. కానీ అప్పటికి చుట్టుపక్కల పల్లెల్లో మారుమనువులు ఏ ఉద్యమమూ లేకుండానే జరుగుతున్నాయి. వాటిని ఆదర్శంగా చూపిన రచన అరుదు, మోటు ఆచారంగా తోసిపుచ్చినవే ఎక్కువ.

సొమ్ము విషయంలోనూ ఇదే కలగాపులగం జరిగింది. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల శుల్క వివాహాల లెక్క తీయిస్తే మూడేళ్లలో 1,034 తేలాయని గురజాడ ‘కన్యాశుల్కం’ ముందుమాటలో నమోదు చేశాడు. వాటిలో ఐదేళ్లు, అంతకంటె తక్కువ వయసున్న పిల్లలూ ఉన్నారు. ఆ శుల్కం పసితనానికి కట్టిన వెల, ఓలి పనికి కట్టిన వెల. రెండూ ఒకటే నేరంగా కలిసిపోయాయి. కన్యాశుల్కం 1892లో రంగమెక్కింది. 1920ల నాటికి కాళ్లకూరి నారాయణరావు ‘వరవిక్రయం’ రాశాడు. ఒక తరంలోనే సొమ్ము దిశ తిరిగిందని ఈ రెండు నాటకాల పేర్లే చెబుతున్నాయి.

నాటకాలు జనాభా లెక్కలు కావు, మార్పుకు సంస్కర్తలు కారణమనడమూ న్యాయం కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనూ, బెజవాడ ఆనకట్ట 1855లోనూ పూర్తయ్యాక డెల్టాలో చేతికి డబ్బు వచ్చింది. కలిగిన రైతు ఇంటి ఆడది పొలం పని మానడం పరువైంది, ఉద్యోగపు అల్లుడికి గిరాకీ పెరిగింది. పని వెల పోయిన చోట ఓలి పోయి కట్నం వచ్చింది. కట్నమిచ్చి పంపిన పిల్ల తిరిగివస్తే సొమ్మూ పరువూ రెండూ నష్టమే. పుట్టింటి అరుగు అక్కడే ఉంది గానీ ‘సర్దుకుపో’ అనే మాట అక్కడ మొదలైంది. అదే కాలంలో ‘హిందూ సుందరి’ (1902), ‘గృహలక్ష్మి’ (1928) వంటి పత్రికలు దాంపత్యంలో స్నేహాన్ని కోరాయి. ఆశ పెరుగుతుంటే దారి ఇరుకైంది.

స్వాతంత్ర్యం తర్వాతి చట్టాలు ఆ దారిని కొంత వెడల్పు చేశాయి. 1949లో మద్రాసు రాష్ట్రం బహుభార్యాత్వాన్ని నిషేధించి విడాకులకు చోటిచ్చింది. 1955 నాటి హిందూ వివాహ చట్టంలోని 29వ సెక్షన్ ఆచారబద్ధమైన విడాకులను కాపాడింది, కానీ ఆచారాన్ని కోర్టులో రుజువు చేసే భారం దాన్ని చెప్పుకునేవారిదే. పెద్దల మాటకు కాగితం ఉండదు. పరస్పర అంగీకార విడాకులు 1976లో వచ్చాయి. ఇష్టం లేని భార్యను కోర్టు కాపురానికి పంపడం రాజ్యాంగ విరుద్ధమని 1983లో సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పిచ్చింది. మరుసటి ఏడే సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తిరస్కరించింది.

కోర్టుల బయట జరిగిన మార్పులు ఇంకా లోతైనవి. ఆంధ్రప్రదేశ్ సవరణతో 1985 నుంచి కూతురికి పిత్రార్జితంలో వాటా వచ్చింది, అప్పటికే పెళ్లయినవారికి తప్ప. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమాన్ని మద్యపాన నిషేధ చరిత్రగా రాయడం రివాజు. దాన్ని కాపురాల చరిత్రగానూ చదవాలి. కూలి డబ్బు తాగుడుకు పోవడం, రాత్రి దెబ్బలు తినడం ఏ ఒక్క ఇంటి తలరాతా కాదని ఆడవాళ్లు నడివీధిలో తేల్చారు.

నేటి స్థితిని విడాకుల సంఖ్యతో కొలిచి సంతృప్తి పడడం పొరపాటు. 2011 జనగణనలో దేశంలో విడాకులు పొందినవారు సుమారు 13.6 లక్షలైతే, విడాకులు లేకుండా విడిగా ఉంటున్నవారు దాదాపు 35 లక్షలు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పెళ్లయిన స్త్రీలలో భర్త హింసను చవిచూసినట్టు చెప్పినవారు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 30 శాతం, తెలంగాణలో 37 శాతం. కాపురం నిలవడమూ, బాగుండడమూ ఒకటి కావని ఈ అంకెలే చెబుతాయి. 1961లో కట్నం నిషేధమై ఇన్నేళ్లు గడిచినా పెళ్లిబేరాల్లో అది తగ్గలేదు. అమెరికా సంబంధాల్లో పుట్టిల్లు సముద్రాల అవతల ఉంది, ఫోన్ ఆ అరుగుకు సాటి రాదు.

పెళ్లి కాకుండా కలిసి ఉండేవారి విషయంలోనూ పాత చిక్కే తిరిగివచ్చింది. 2005 నాటి గృహహింస చట్టం పెళ్లిని పోలిన సంబంధాలకూ రక్షణ ఇచ్చింది. 2010లో వేలుస్వామి కేసులో సుప్రీంకోర్టు దానికి షరతులు చెప్పింది. ఇద్దరూ పెళ్లికి అర్హులై ఉండాలి, అంటే మరో పెళ్లి బంధంలో ఉండకూడదు. మొదటి మొగుణ్ణి పెద్దల సమక్షంలో విడిచి, మరొకరితో ఇరవై ఏళ్లు సంసారం చేసిన ఆడది కాగితం లేనందున ఈ పరీక్షలో తప్పిపోవచ్చు. ఒకప్పుడు ఊరంతా మారుమనువుగా ఒప్పుకునే ఆ కాపురానికి నేటి చట్టంలో ఇంకా స్థిరమైన పేరు లేదు.