వంద కాపీల బాక్స్ సెట్

2012 డిసెంబర్ ఆఖర్లో యూరప్‌లో కొన్ని రికార్డు షాపుల్లోకి బాబ్ డిలన్ పేరుతో ఒక సెట్ వచ్చింది. నాలుగు డిస్కులు, 86 ట్రాకులు. ఆ డిస్కులైనా ఫ్యాక్టరీలో తయారైనవి కావు. ఇంజనీరింగ్ ఫైనలియర్‌లో ప్రాజెక్టు రిపోర్టుతో పాటు మనం రాసిచ్చేవాళ్ళం చూడండి, ఆ సీడీ-ఆర్‌లే. పెద్దగా ప్రకటన లేదు. మొత్తం కలిపి సుమారు వంద కాపీలు. సెట్ పేరు 'ది ఫిఫ్టీయత్ యానివర్సరీ కలెక్షన్'. దాని కింద ఉపశీర్షిక: 'ది కాపీరైట్ ఎక్స్‌టెన్షన్ కలెక్షన్, వాల్యూమ్ 1'.

ఒక కళాకారుడి ఆల్బమ్‌కి పెట్టే పేరా ఇది? కంపెనీ లీగల్ డిపార్ట్‌మెంట్ ఫైలు మీద ఉండాల్సిన మాట అట్ట మీదకి వచ్చేసింది. నాకైతే ఆ నిజాయితీ భలే నచ్చింది. 'అభిమానుల కోరిక మేరకు' లాంటి కబుర్లేమీ లేవు. హక్కు పొడిగించుకోడానికి వదిలాం, అంతే.

దేశానికో రకంగా వచ్చే బాక్స్ సెట్లను పక్కపక్కన పెట్టి పోల్చుకోవడం సేకరించేవాళ్ళకి పాత సరదానే. జపాన్ ప్రింటు బాగుందా, జర్మన్ ప్రెస్సింగ్ బాగుందా, ఏ దేశం సెట్‌లో ఏ పాట ఎక్కువుంది అని గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. నేనూ ఆ బాపతే. కానీ డిలన్ సెట్ల విషయంలో ఈ తేడాలు అభిరుచికో అట్ట అందానికో సంబంధించినవి కావు. వాటి వెనక ఉన్నది చట్టం, తేదీలు, ధరలు. చరిత్ర చదివినట్టు చదవాల్సిన తేడాలు.

ముందు చట్టం సంగతి. యూరప్‌లో అప్పటిదాకా సౌండ్ రికార్డింగు మీద హక్కు 50 ఏళ్ళు. 1950ల చివర్లో, 60ల మొదట్లో పాడినవాళ్ళింకా బతికే ఉన్నారు, వాళ్ళ పాటలు మాత్రం ఒక్కొక్కటీ చేజారిపోతున్నాయి. అందుకని దాన్ని పొడిగించాలని గాయకులు, కంపెనీలు చాలాకాలం పోరాడారు. బ్రిటన్‌లో క్లిఫ్ రిచర్డ్ ఎంత గట్టిగా అడిగాడంటే, దానికి జనం 'క్లిఫ్ చట్టం' అనే పేరు పెట్టేశారు. 2011 సెప్టెంబర్‌లో యూరోపియన్ యూనియన్ ఆ 50ని 70 చేసింది. సభ్యదేశాలు 2013 నవంబర్ 1 లోపు దాన్ని అమల్లో పెట్టాలి. బీటిల్స్ మొదటి సింగిల్ 'లవ్ మీ డూ' 1962 అక్టోబర్‌లో వచ్చింది కాబట్టి ఈ గడువు కంటే ముందే, 2012 చివర్లోనే, దాని 50 ఏళ్ళు నిండిపోయాయి. కొన్ని నెలల తేడాలో తప్పిపోయిన బస్సు.

అయితే అసలు మెలిక ఇంకోచోట ఉంది. 70 ఏళ్ళు విడుదలైన రికార్డింగుకే. రికార్డు చేసి, విడుదల చెయ్యకుండా బీరువాలో పెట్టేసిన టేపుకి పాత లెక్కే: రికార్డయిన 50 ఏళ్ళలోపు బయటికి రాకపోతే హక్కు పోతుంది. అంటే డిలన్ 1962లో పాడి, వద్దని పక్కన పడేసిన ప్రతి టేకూ 2013 జనవరి 1న యూరప్‌లో ఎవరైనా అచ్చేసి అమ్ముకోవచ్చు. డిసెంబర్ 31 లోపు ఒక్కసారి విడుదల చేస్తే మాత్రం ఆ రోజు నుంచి కొత్త లెక్క మొదలవుతుంది. ఎన్ని కాపీలు వేస్తే విడుదల అయినట్టు? చట్టంలో అంకె లేదు. కాబట్టి వంద. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్ళకి ఈ మనస్తత్వం బాగా తెలుసు. గడువు తేదీ రాత్రి, టెస్టులు పాసవ్వడానికి ఎంత కావాలో అంతే కోడు రాసి తోసెయ్యడం.

అమెరికాలో ఈ తొందర అస్సలు లేదు. 1972 ఫిబ్రవరి 15కి ముందు చేసిన రికార్డింగులని అక్కడ చాలాకాలం రాష్ట్రాల చట్టాలే కాపాడాయి. 2018లో ఫెడరల్ చట్టం మారాక కూడా 1957 తరవాతి వాటికి 2067 దాకా రక్షణ ఉంది. దాంతో విచిత్రమైన పరిస్థితి వచ్చింది. మిన్నెసోటాలో పుట్టి, న్యూయార్క్‌లో పాడిన మనిషి పాటల సెట్టు ఆయన దేశంలో అమ్మకానికే లేదు. డౌన్‌లోడ్ కూడా ఆయన సైటులో ఫ్రాన్స్, జర్మనీ వాళ్ళకి మాత్రమే ఇచ్చారు. గ్రీనిచ్ విలేజ్ క్లబ్బుల్లో ఆయన పాడుతుంటే ఎదురుగా కూర్చుని విన్న మనిషి ఎవరైనా బతికుంటే, ఆ రాత్రి రికార్డింగుని పారిస్‌లో ఉన్న మనవడి చేత తెప్పించుకోవాలి.

2013లో రెండో సెట్ వచ్చింది. ఈసారి ఆరు ఎల్పీలు. మళ్ళీ వంద కాపీలే. బీటిల్స్ వాళ్ళదీ అదే డిసెంబర్: 59 ట్రాకుల 'బూట్‌లెగ్ రికార్డింగ్స్ 1963'ని ఐట్యూన్స్‌లో వదిలారు, డిస్కు కూడా లేకుండా. 2014లో డిలన్ మూడో సెట్: తొమ్మిది ఎల్పీలు, వెయ్యి కాపీలు. సున్నా ఒకటి పెరిగింది. ఈపాటికి కంపెనీకి అర్థమైనట్టుంది, చట్టం కోసం చేస్తున్న పనికి నిజంగానే గిరాకీ ఉందని.

2015లో వచ్చిందాన్ని చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. 1965-66 స్టూడియో సెషన్లు, అంటే 'హైవే 61 రీవిజిటెడ్', 'బ్లాండ్ ఆన్ బ్లాండ్' కాలం. 'ది కటింగ్ ఎడ్జ్' పేరుతో మూడు సైజులు: రెండు డిస్కులది, ఆరు డిస్కులది, 18 డిస్కులది. ఆఖరిది 379 ట్రాకులు, 5000 కాపీలు, దాదాపు 600 డాలర్లు. డిలన్ సొంత సైటులోనే అమ్మారు. నా దగ్గరున్నది ఆరు డిస్కుల సెట్. అందులో ఒక డిస్కు మొత్తం 'లైక్ ఎ రోలింగ్ స్టోన్' ఒక్క పాటే. మొదట్లో అది వాల్ట్జ్ లయలో, పియానో మీద నీరసంగా నడుస్తుంది. ఎవరో ఆపుతారు, దగ్గుతారు, మళ్ళీ మొదలెడతారు. పాట పూర్తిగా కుదిరింది నాలుగో టేకు. మనందరం విన్నది అదే. తమాషా ఏంటంటే అది కుదిరిందని గదిలో ఉన్నవాళ్ళకి అప్పుడు తెలిసినట్టు లేదు. ఆ తరవాత కూడా పదకొండు టేకులు ప్రయత్నిస్తూనే ఉంటారు, ఒక్కటీ దాని దరిదాపుల్లోకి రాదు. కవిత్వం గురించి నేను చదివిన వ్యాసాల్లో చాలావాటికంటే ఆ డిస్కు నాకు ఎక్కువ నేర్పింది.

ఇక్కడొక ఇబ్బంది కూడా ఉంది. ఇవన్నీ ఆయన వద్దనుకున్నవి. ఒక కవి కొట్టేసిన చిత్తుప్రతులన్నీ, ఫలానా తేదీలోపు అచ్చెయ్యకపోతే హక్కు పోతుందని ప్రచురణకర్త వరసగా అచ్చేస్తే మనకెలా ఉంటుంది? పరిశోధకుడికి పండగ. కవికి? కాఫ్కా చిత్తుప్రతుల్ని స్నేహితుడు తగలబెట్టకపోవడం మన అదృష్టం అనుకుంటాం కానీ అక్కడ కనీసం ఒక మనిషి ఆలోచించి తీసుకున్న నిర్ణయం ఉంది. ఇక్కడ నిర్ణయం కేలెండర్‌ది. 1965 కాగానే 1966 వస్తుంది. బాగున్నవీ బాగోలేనివీ అనే తేడా లేదు. 2016లో వచ్చిన '1966 లైవ్ రికార్డింగ్స్' సెట్‌లో 36 డిస్కులు ఉన్నాయి. ఆ ఏడాది కచేరీల్లో దొరికిన ప్రతి టేపూ పెట్టారు, ప్రేక్షకుల్లో ఎవరో దూరం నుంచి రికార్డు చేసిన గరగరలతో సహా. రోజూ దాదాపు అవే పాటలు, అదే వరస. అయినా నేను దాన్ని వృథా అనలేను. మాంచెస్టర్‌లో ఒకతను 'జూడాస్' అని అరిచిన ఆ మే 17 రాత్రి కచేరీని దొంగ రికార్డుల వాళ్ళు దశాబ్దాలపాటు లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌ది అని అమ్మారు. అన్ని టేపులూ తేదీల వారీగా పక్కపక్కన ఉంటే అలాంటి కథలకి చోటుండదు.

జపాన్ కథ వేరు. అక్కడ డిలన్ ప్రత్యేక సెట్లు రావడానికి ఈ యూరప్ గడువు అక్కర్లేదు. 1978 ఫిబ్రవరిలో ఆయన మొదటిసారి టోక్యో బుడోకాన్‌లో పాడాడు. ఆ పర్యటన కోసం 'మాస్టర్‌పీసెస్' అనే మూడు ఎల్పీల సెట్‌ని జపాన్‌లోనూ, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లోనూ మాత్రమే వేశారు. పేరు చూస్తే హిట్ పాటల మూట. కానీ అప్పటికి వేరే ఏ ఆల్బమ్‌లోనూ లేని 'మిక్స్‌డ్ అప్ కన్ఫ్యూజన్' లాంటివి అందులో ఉన్నాయి. అమెరికా అభిమాని తన గాయకుడి మొదటి సింగిల్ కోసం పసిఫిక్ సముద్రం అవతల ఆర్డరు పెట్టాల్సి వచ్చింది. బుడోకాన్ కచేరీల ఆల్బమ్ కూడా అంతే. 1978లో జపాన్ కోసం వచ్చింది, 1979లో గానీ ప్రపంచానికి రాలేదు.

దీని వెనక ధర కూడా ఉంది. జపాన్‌లో రికార్డుని కంపెనీ నిర్ణయించిన ధరకే షాపు అమ్మాలన్న నియమం ఉంది, పుస్తకాలకి ఉన్నట్టే. దిగుమతి డిస్కులకి అది వర్తించదు. దాంతో అమెరికా నుంచి వచ్చిన కాపీ టోక్యోలో తయారైన కాపీ కంటే చవకైపోతుంది. జనం సొంత దేశపు ఖరీదైన కాపీని ఎందుకు కొనాలి? అందుకే జపాన్ సెట్లలో అదనపు పాటలు, పాటల సాహిత్యానికి జపనీస్ అనువాదం, అట్టకి ఒక పక్కగా చుట్టిన 'ఓబి' కాగితం. కిమోనో నడికట్టు పేరే దానికి పెట్టారు. మనవాళ్ళు ఆ కాగితాన్ని చూసి జపాన్ సౌందర్య దృష్టి అని మురిసిపోతుంటారు. సౌందర్యం ఉంది, కాదనను. దాని పక్కనే ధరల పట్టికా ఉంది.

ఈ రెండు దారులూ 2018లో కలిశాయి. ఆ జూలైలో డిలన్ ఫూజీ రాక్ ఉత్సవంలో పాడాడు. ఆ సందర్భంగా జపాన్‌లో 'లైవ్ 1962-1966' అనే రెండు డిస్కుల సెట్ వేశారు. అందులో ఉన్నవి యూరప్‌లో వంద, వెయ్యి కాపీలతో పోయిన ఆ కాపీరైట్ సెట్లలోంచి ఏరినవే. హక్కు కోసం లాయర్లు బయటికి తీసిన టేపుల్లోంచి, వినడానికి పనికొచ్చేవి ఎవరో కూర్చుని ఏరారన్నమాట. నా అలమరలో ఆరు డిస్కుల సెట్ కంటే ఎక్కువ అరిగింది ఇదే. 2020 డిసెంబర్‌లో 1970 నాటి టేపులకి మళ్ళీ కొద్ది కాపీల సెట్ వేశారు, జార్జ్ హారిసన్‌తో కలిసి వాయించిన రోజు కూడా అందులో ఉంది. వెంటనే అయిపోయింది, గోల మొదలైంది. రెండు నెలల తరవాత, 2021 ఫిబ్రవరిలో, '1970' పేరుతో అందరికీ వదిలారు. 2024లో 1974 కచేరీల సెట్ నేరుగా ప్రపంచమంతటికీ వచ్చింది, 27 డిస్కులతో.

ఇదంతా చదువుతూ నేను మన చట్టం తీసి చూశాను. 1957 కాపీరైట్ చట్టంలో గడువులు మొదట 50 ఏళ్ళు. 1941లో చనిపోయిన టాగూర్ రచనల మీద విశ్వభారతి హక్కు 1991తో ముగుస్తుందని ఆ 50ని 60 చేశారు. ఆ పెంపు సౌండ్ రికార్డింగులకీ వచ్చింది. యూరప్‌లో క్లిఫ్ రిచర్డ్, ఇక్కడ గురుదేవులు.

ఉదాహరణకి 1957 నాటి 'మాయాబజార్' తీసుకోండి. ఆ ఏడాది విడుదలైన రికార్డింగుల మీద హక్కు 2017తో అయిపోయింది. కానీ మాటకీ బాణీకీ లెక్క వేరు, అది రచయిత మరణం నుంచి 60 ఏళ్ళు. పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు, కాబట్టి సాహిత్యం 2031 దాకా. ఘంటసాల 1974, కాబట్టి ఆయన బాణీలు 2034 దాకా. అదే సినిమాకి కొన్ని బాణీలు కట్టిన సాలూరి రాజేశ్వరరావు 1999లో పోయారు, అవి 2059 దాకా. ఒక్క సినిమా, నాలుగు గడియారాలు. మన తెలుగు పాటల బాక్స్ సెట్‌ని ఎవరైనా నాలాంటి ఔత్సాహికుడు వేద్దామనుకుంటే మొదట కావాల్సింది ఆడియో ఇంజనీరు కాదు, స్ప్రెడ్‌షీట్.

మనకి బాక్స్ సెట్ అంటే చేతికొచ్చేది సరేగమ కార్వాన్. 2017లో 5000 హిందీ పాటలతో వచ్చింది, తరవాత వేరే భాషల రూపాలూ వచ్చాయి. దేశానికొకటి కాదు, భాషకొకటి. మా ఇంట్లో అమ్మ రోజూ పెట్టుకుంటుంది, నాకూ ఇష్టమే. కానీ అందులో ఉన్నవన్నీ పూర్తయిన పాటలు. రిహార్సల్లో ఆగిపోయిన చరణం, ఓకే కాని మూడో టేకు, మధ్యలో 'ఇంకోసారి చూద్దాం మాష్టారూ' అన్న గొంతు, ఇలాంటివి వెతికి తీసి అమ్మడానికి ఇక్కడ ఏ కంపెనీకైనా కారణం కావాలి కదా. యూరప్‌లో ఆ కారణం చట్టమే ఇచ్చింది. మన చట్టంలో 27వ సెక్షన్ ప్రకారం 60 ఏళ్ళ లెక్క రికార్డయిన రోజు నుంచి కాదు, బయటికి వచ్చిన ఏడాది తరవాతి జనవరి నుంచి మొదలవుతుంది. రేడియోలో వినిపించినా బయటికి వచ్చినట్టే. ఎక్కడా వినిపించని టేపు మద్రాసులోనో కలకత్తాలోనో ఏ గదిలోనైనా ఉంటే, దాని లెక్క ఇంకా మొదలే కాలేదు. డిసెంబర్ 31 గురించి ఎవరూ కంగారు పడక్కర్లేదు. టేపు మీద పూత ఊడిపోవడానికి మాత్రం సెక్షన్‌తో పనిలేదు.