మూర్ఛరోగమును పథ్యమును

జ్వరము వచ్చినచో వైద్యుని పిలుతుము. మూర్ఛ వచ్చినచో తలుపు మూయుదుము. బిడ్డ నేలబడి కాలుసేతులు కొట్టుకొనుచుండగా చేత తాళపుచెవుల గుత్తి నుంచుట, పిమ్మట గ్రహశాంతి చేయించుట, పొరుగువారికి తెలియకుండ దాచుట - పెక్కిండ్లలో నడచుచున్న చికిత్స యిదియే. ఆడుబిడ్డయైనచో దాపరికము ఇబ్బడియగును. 1976లో సవరింపబడిన హిందూవివాహ శాసనము మాటిమాటికి మూర్ఛ వచ్చువారు వివాహమునకు తగరని విధించెను. 1999లో గాని ఆ మాట తొలగింపబడలేదు. శాసనము మారినను సిగ్గు మారలేదు.

ఈ రోగము దేవతాగ్రహము గాదనియు, మెదడునుండి పుట్టునదనియు క్రీస్తునకు సుమారు 400 ఏండ్లకు పూర్వమే హిపోక్రటీసు పేర వెలసిన గ్రీకు గ్రంథమొకటి వాదించెను. చరకసంహిత దీనిని అపస్మారమని పేర్కొని, నాలుగు విధములుగా విభజించి, పంచగవ్యఘృతము మొదలగు ఔషధములను విధించెను. ఆ ఘృతము మితముగా పుచ్చుకొను మందు. ఇప్పుడు చెప్పబోవునది భోజనమంతటిని మార్చు పథ్యము. రెంటిని ఒకటిగా నెంచరాదు.

ఉపవాసమున మూర్ఛలు తగ్గుట ప్రాచీనులెరిగినదే. 1911లో పారిస్ నగరమున గెల్పా, మారీ అను వైద్యులు దానిని పరీక్షించి ప్రకటించిరి. అయితే బిడ్డ యెన్నాళ్లు పస్తుండగలదు? భుజించుచునే ఉపవాసఫలమును పొందు మార్గమును 1921లో అమెరికాలోని మేయో వైద్యశాలయందు రస్సెల్ వైల్డరు సూచించెను. పిండిపదార్థములు మిక్కిలి తగ్గించి క్రొవ్వును హెచ్చించినచో, కాలేయము ఆ క్రొవ్వునుండి కీటోనులను పుట్టించును. చక్కెరకు బదులు మెదడు వానిని ఇంధనముగా గ్రహించును. కావుననే దీనికి కీటోజెనిక్ పథ్యమని పేరు. అచటనే పీటర్మన్ అను వైద్యుడు శరీరభారమున కిలోకు 1 గ్రాము మాంసకృత్తులు, దినమునకు 10 మొదలు 15 గ్రాముల పిండిపదార్థములు, తక్కినదంతయు క్రొవ్వు అని కొలత యేర్పరచెను.

1938లో ఫెనిటోయిన్ అను మందు వచ్చెను. మాత్ర మ్రింగుట సులభము, తూచి వండుట కష్టము, పథ్యము మరుగుపడెను. కాని సుమారు మూడవవంతు రోగులకు మందులతో మూర్ఛ యణగదు. అట్టివారి కొరకే 1990 తరువాత పథ్యము మరల తలయెత్తినది. 2008లో లండనున 145 మంది బిడ్డలపై జరిపిన పరీక్షలో పథ్యము పట్టినవారిలో నూటికి 38 మందికి మూర్ఛలు సగమునకుపైగా తగ్గెను. పట్టనివారిలో నూటికి 6 గురికే. 2013లో ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థవారు కొంత సడలించిన పథ్యమును పరీక్షించి, మూడు నెలలలో నూటికి 52 మందికి అట్టి మేలు కలిగినదని ప్రకటించిరి.

ఇక మన వంటయింటికి వత్తము. విశాఖపట్టణమున వైద్యకళాశాల వెలసినది 1923లో, అనగా ఈ పథ్యము పుట్టిన రెండేండ్లకే. విజయనగరము వైపునుండి వచ్చు రోగులలో పలువురు మద్దిలపాలెము మీదుగా పెద్దాసుపత్రికి పోవుచుందురు. వారి యిండ్లలోను, మద్దిలపాలెపు టిండ్లలోను భోజనమనగా వరియన్నమే. అన్నము, ఇడ్డెనలు, బెల్లము, అరటిపండు మాని, నేయి, కొబ్బరినూనె, మీగడ, గ్రుడ్లు, చేపలు తూచి పెట్టవలెను. తీయని ద్రవరూపపు మందు సయితము పథ్యమును చెరచును. పండుగనాడు అమ్మమ్మ ప్రేమతో నోటికందించిన అరిసె యొకటి తల్లి పడిన శ్రమను వ్యర్థము చేయగలదు. కావున అమ్మమ్మకు, మేనత్తకు, పొరుగింటి యిల్లాలికి, బడిపంతులుకు సంగతి తెలిసియుండవలెను. రోగమును దాచిన యింట పథ్యము నిలువదు.

ఇది గృహవైద్యము గాదని మాత్రము మరువరాదు. క్రొవ్వును ఇంధనముగా మార్చుకొను శక్తి పుట్టుకతోనే లోపించిన బిడ్డలకిది ప్రాణాంతకము; ఇతరులకును మూత్రపిండములలో రాళ్లు, ఎదుగుదల తగ్గుట మున్నగు బాధలు కలుగవచ్చును. కావున పరీక్షలు చేయించి, వైద్యుని యనుమతితో ప్రారంభింపవలెను. అతడు చెప్పక మందులు మానరాదు. బిడ్డకు త్రాసు పట్టి వడ్డించుటకు తల్లికి లజ్జ యేల? లజ్జింపవలసినది తలుపు మూసిన మనమే.