పదికి ఏడొస్తే ఫెయిలైనట్టే

మా సీమ తిరునాళ్ళలో ఎద్దుల బండలాగుడు పోటీకి తీర్పరి అక్కర్లేదు. ఇచ్చిన సమయంలో ఏ జత ఎన్ని అడుగులు లాగిందో టేపు పట్టి కొలుస్తారు, మైకులో చెబుతారు, అంతే. ఓడినవాడు ఎద్దునో మేతనో ఎండనో తిట్టుకుంటాడు గానీ టేపును తిట్టడు. అదే తిరునాళ్ళలో రాత్రి నాటకం అయిపోయాక ఎవరు బాగా వేశారని అడిగి చూడండి, తెల్లారేదాకా తెగదు. వీడియో గేమ్ ఈ రెండో జాతిది. అయినా సరే, టేపుతో కొలిచినట్టు 8.5 అనీ, 92 శాతం అనీ దానికి అంకె తగిలించడం యాభై ఏళ్ళ లోపే లోకానికి అలవాటైపోయింది. ఆ అంకె పుట్టుక ఒక కథ. అది చేతులు మారిన తీరు అంతకంటే పెద్ద కథ.

మొదట్లో అంకెతో పని లేదు. 1970లలో వీడియో గేమ్ అంటే షాపులో నిలబెట్టిన పెట్టె. నాణెం వేస్తే ఆట, నచ్చకపోతే పోయేది ఆ ఒక్క నాణెమే. 1974లో అమెరికాలో మొదలైన 'ప్లే మీటర్' లాంటి పత్రికలు చదివింది ఆడేవాళ్ళు కాదు, ఆ పెట్టెలు పెట్టుకున్న వ్యాపారులు. వాళ్ళు తెలుసుకోవాల్సింది ఒకటే, ఏ పెట్టెలో ఎక్కువ నాణేలు పడుతున్నాయని. అక్కడి దాకా అదీ టేపు లెక్కే.

1977లో అటారీ యంత్రం ఇళ్ళల్లోకి వచ్చాక లెక్క మారింది. కార్ట్రిడ్జ్ కొనాలంటే ముందే మొత్తం డబ్బు కట్టాలి. అట్ట మీద చిత్రకారుడు గీసిన అద్భుతమైన బొమ్మ, లోపల నాలుగు చతురస్రాలు. ఆ మోసం నుంచి కాపాడే మనిషి కావాల్సి వచ్చాడు. కామిక్స్‌కు కథలు రాసే బిల్ కుంకెల్, అతని మిత్రుడు ఆర్నీ కాట్జ్ 1970ల చివర్లో 'వీడియో' అనే పత్రికలో 'ఆర్కేడ్ ఆలీ' అని ఒక శీర్షిక మొదలుపెట్టారు. 1981లో జాయిస్ వోర్లీని కలుపుకొని 'ఎలక్ట్రానిక్ గేమ్స్' అనే పత్రికే పెట్టారు. వాళ్ళది పుస్తక సమీక్షల దారి, మాటలతో ఒప్పించే దారి.

కానీ మాటలకు ఒక ఇబ్బంది ఉంది, చదవాలి. 1982 క్రిస్మస్‌కు అటారీ వాళ్ళు 'ఈ.టీ.' సినిమా ఆటను దించారు. హోవార్డ్ స్కాట్ వార్షా అనే ప్రోగ్రామర్ ఒక్కడే దాదాపు ఐదు వారాల్లో దాన్ని పూర్తి చేయాల్సి వచ్చింది. సినిమా పేరు చూసి కొన్నవాళ్ళు తిరిగి తెచ్చిచ్చారు. అమ్ముడుపోని సరుకును 1983లో న్యూమెక్సికో ఎడారిలో, అలమగోర్డో ఊరి చెత్తకుప్పలో పూడ్చారు. 2014 ఏప్రిల్‌లో తవ్వితే కార్ట్రిడ్జులు నిజంగానే బయటపడ్డాయి. 1983లో అమెరికాలో ఇళ్ళల్లో ఆడే ఆటల వ్యాపారం కూలిపోవడానికి ఈ.టీ. ఒక్కటే కారణం కాదు, చెత్త ఆటలు కుప్పలుగా వచ్చి కొనేవాడి నమ్మకం పోయింది. అట్లాంటి నమ్మకాన్ని నిలబెట్టే పనికి మార్కుల పెట్టె బాగా కుదిరింది. అయితే నేను చెప్పబోయే పెట్టె అమెరికాది కాదు.

ఇంగ్లండులో లడ్లో అని ఒక ఊరుంది. పాత కోట, సంత, మన సీమలోని వేంపల్లె కంటే తక్కువ జనం. 1983లో రోజర్ కీన్, ఆయనతో పాటు ఒలివర్, ఫ్రాంకో అనే ఫ్రే అన్నదమ్ములు అక్కడ స్పెక్ట్రమ్ కంప్యూటర్ ఆటల క్యాసెట్లను పోస్టులో అమ్మే వ్యాపారం పెట్టారు. క్యాటలాగులో పేరు, ధర వేసి ఊరుకోకుండా ఆట ఎట్లా ఉందో రెండు ముక్కలు రాశారు. ఆ క్యాటలాగే ముదిరి 1984 మొదట్లో 'క్రాష్' అనే మాసపత్రిక అయింది. సరుకు అమ్మే కొట్టాయనే సరుకు మంచిచెడ్డలు చెప్పడంతో ఈ విద్య అక్కడ మొదలైందన్న మాట. తర్వాత వచ్చిన తగాదాలన్నిటికీ విత్తనం ఇక్కడే పడిందని నాకు అనిపిస్తుంది.

క్రాష్ పేజీ చూడముచ్చటగా ఉండేది. పైన ఆట పేరు, తయారు చేసినవాళ్ళు, ధర. కింద ముగ్గురు ఎవరికి వారు చెప్పిన అభిప్రాయాలు. చివర మార్కులు. బొమ్మలకు ఇంత శాతం, ఆడటానికి వీలుగా ఉందా అన్నదానికి ఇంత, వదలబుద్ధి కాని గుణానికి ఇంత, పెట్టిన డబ్బు గిట్టుబాటుకు ఇంత, మొత్తం ఇంత. తొంభై దాటితే 'క్రాష్ స్మాష్' అని బిరుదు. ఆ అభిప్రాయాలు చెప్పినవాళ్ళలో ఆ ఊరి బడిపిల్లలు కూడా ఉండేవాళ్ళు. శాతాల మార్కులు వాళ్ళ ప్రోగ్రెస్ కార్డుల్లోంచే వచ్చాయేమోనని నాకొక అనుమానం, రుజువు అడక్కండి.

జపాన్‌లో 1986లో మొదలైన 'ఫామికామ్ త్సూషిన్', మనకిప్పుడు తెలిసిన పేరు 'ఫామిత్సు', ఇంకో అడుగు వేసింది. నలుగురు విమర్శకులు, ఒక్కొక్కరు పదికి మార్కులు, మొత్తం నలభై. ఒక్కొక్కరి అంకె విడిగా, దాని కింద నాలుగు మాటలు. ఒకరు 9 వేసిన ఆటకే పక్కవాడు 5 వేసినా పత్రిక సర్దిచెప్పేది కాదు, రెండూ అచ్చయ్యేవి. నాకు ఈ పద్ధతే అన్నిటికంటే నిజాయితీగా తోస్తుంది. మన రుచి ఆ నలుగురిలో ఎవరితో కలుస్తుందో నాలుగు సంచికలు చదివితే తెలిసిపోతుంది, ఆ తర్వాత ఆయన మాట ఒక్కటి చూసుకుంటే చాలు. నలుగురి మధ్య తేడా ఉందే, అదే అసలు సమాచారం. కానీ అంగట్లో జనం నోట నిలిచింది నలభైకి ఎంతన్నదే. నలభైకి నలభై పన్నెండేళ్ళ పాటు ఏ ఆటకూ దక్కలేదు. 1998లో 'జెల్డా: ఒకారినా ఆఫ్ టైమ్'కు మొదటిసారి పడ్డాయి. అమెరికాలో 1989లో వచ్చిన 'ఎలక్ట్రానిక్ గేమింగ్ మంత్లీ' కూడా నలుగురిని కూర్చోబెట్టింది.

ఇక్కడి నుంచి ఒక వరస కనబడుతుంది. ఒకడి మాట మీద నమ్మకం చాలనప్పుడు ముగ్గురిని పెట్టారు, తర్వాత నలుగురిని. ఆ నలుగురి పత్రిక కూడా ఆటల కంపెనీ ప్రకటనల మీదే బతుకుతుంది కాబట్టి వాళ్ళ చేయి మెల్లగా పైకి పోయింది. ఎంత పైకంటే, పదికి ఏడంటే ఫెయిలన్న అర్థం స్థిరపడింది. మనకు ఇది కొత్త కాదు. ఐడిల్‌బ్రెయిన్ సైటు నాటి నుంచి శుక్రవారం పొద్దున సినిమా రేటింగులు చూసి పెరిగిన తెలుగువాడికి ఐదుకు 2.75 అంటే ఏమిటో, 3.25 అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. ఐదు మెట్లున్న నిచ్చెనలో ఒక్క మెట్టు మీదే కాపురమంతా.

ఇంటర్నెట్ వచ్చాక ప్రకటనలతో ఈ బంధుత్వం రచ్చకెక్కింది. 2007 నవంబరులో గేమ్‌స్పాట్‌లో పనిచేసే జెఫ్ గెర్స్‌మన్ 'కేన్ అండ్ లించ్' అనే ఆటకు పదికి 6 వేశాడు. అదే సమయానికి ఆ సైటు నిండా అదే ఆట ప్రకటనలు. ఆ నెలాఖరుకల్లా అతని ఉద్యోగం పోయింది. ఎందుకన్నది అప్పట్లో ఎవరూ బాహాటంగా చెప్పలేదు. అతను వేరే సైటు పెట్టుకున్నాడు, 2012లో గేమ్‌స్పాట్ యజమాని కంపెనీ దాన్నే కొన్నప్పుడు, సంగతి బయటపెట్టకూడదన్న ఒప్పందం సడలింది. అప్పుడు నోరు విప్పి, ప్రకటనలిచ్చే కంపెనీల ఒత్తిడి సంగతి చెప్పాడు.

నలుగురూ చాలనప్పుడు నలభై మందిని కలిపితే? 2001 జనవరిలో మొదలైన 'మెటాక్రిటిక్' చేసింది అదే. మార్క్ డోయల్, అతని సోదరి జూలీ, మిత్రుడు జేసన్ డీట్జ్ కలిసి విమర్శకులందరి మార్కులను వందకు మార్చి సగటు కట్టారు. అదీ మామూలు సగటు కాదు, పేరున్న పత్రికకు బరువెక్కువ. ఎవరికెంత బరువో మాత్రం బయటపెట్టలేదు. రంగులు కూడా పెట్టారు. సినిమాకు 61 వస్తే పచ్చ రంగు, ఆటకు మాత్రం 75 దాకా పోవాలి. ఆటల మార్కులు ఎంతగా ఉబ్బిపోయాయో ఆ సైటే ఒప్పుకున్నట్టుంది చూడండి.

కొనేవాడి కోసం పుట్టిన అంకె ఇక అమ్మేవాడి ఖాతా పుస్తకంలోకి ఎక్కింది. 2004లో వార్నర్ బ్రదర్స్ ఆటల విభాగం, తమ సినిమాల పేరు మీద ఆట చేసి సగటు 70కి చేరకపోతే ఎక్కువ రాయల్టీ కట్టాలన్న షరతు ఆలోచించింది. 2010లో 'ఫాలౌట్: న్యూ వేగాస్' తయారు చేసిన అబ్సిడియన్ స్టూడియోకు 85 వస్తే బోనస్ అని ఒప్పందం. వచ్చింది 84. ఈ సంగతి 2012లో ఆ స్టూడియో వాడే క్రిస్ అవెలోన్ బయటపెట్టాడు. ఎక్కడో ఒక విమర్శకుడు ఓ సాయంత్రం చిరాకులో ఒక మార్కు తగ్గించాడనుకోండి, ఇంకెక్కడో ప్రోగ్రామర్ల జేబుకు చిల్లు. ఆ విమర్శకుడికి ఆ సంగతి తెలిసే దారే లేదు.

కొందరికి విసుగొచ్చింది. 2015లో బ్రిటన్ సైటు యూరోగేమర్ పదికి మార్కులు వేయడం మానేసి, తప్పక ఆడండి, ఆడొచ్చు, వద్దు అన్న ముద్రలతో సరిపెట్టింది. 2023లో ఐదు నక్షత్రాలతో మళ్ళీ అంకెలకే వచ్చింది.

మన వైపు ఈ గొడవంతా ఆలస్యంగా, పక్కదారిన చేరింది. వేంపల్లె నెట్ సెంటర్లో 'వైస్ సిటీ' ఆడిన తరానికి రివ్యూ అంటే పక్క కుర్చీలోవాడి మాటే. ఆటకు ఎవరూ డబ్బు కట్టలేదు, గంటకు కట్టారు. 2008లో పక్కనే ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ వచ్చి పల్లెటూరి పిల్లల చేతికి ల్యాప్‌టాప్ అందాక కూడా ఆటలు పెన్‌డ్రైవుల్లోనే తిరిగాయి. కాపీ ఇచ్చే సీనియరే విమర్శకుడు. అంకె మా దాకా వచ్చింది ఫోన్లతోనే, అదీ ప్లే స్టోర్ నక్షత్రాలుగా. అప్పటికి మార్కులు వేసేవాళ్ళు లక్షల్లో ఉన్నారు.

లక్షల మందిని కొనలేరు, నిజమే. కానీ లక్షల మందికి కోపం రావచ్చు. పబ్జీని 2020 సెప్టెంబరులో నిషేధించాక, 2021 జనవరి 26న బెంగళూరు కంపెనీ ఎన్‌కోర్ 'ఫౌ-జీ' ఆటను విడుదల చేసింది. 4 పైన మొదలైన రేటింగు కొన్నాళ్ళకే 3 చుట్టుపక్కలకు జారింది. ఆట పలచగా ఉందని తగ్గించినవాళ్ళు ఉన్నారు, పబ్జీ మీద మమకారంతో ఒక్క నక్షత్రం కొట్టినవాళ్ళూ ఉన్నారు. ఆ అంకెను చూసి ఎవరు ఎవరో విడదీయడం ఎవరి తరమూ కాదు. అంతకు ముందే, 2020 జూన్‌లో 'ద లాస్ట్ ఆఫ్ అస్' రెండో భాగం వచ్చిన రోజునే, పూర్తిగా ఆడే వ్యవధి కూడా లేకుండా వేల మంది మెటాక్రిటిక్‌లో సున్నాలు వేశారు. ఆ తర్వాత మెటాక్రిటిక్, ఆట విడుదలైన 36 గంటల దాకా జనం మార్కులు తీసుకోకూడదని నియమం పెట్టుకుంది.

ఈ గుంపు తీర్పు వల్ల బాగుపడేదీ, నలిగేదీ చిన్నవాళ్ళే. హైదరాబాదులో ఓగర్ హెడ్ అనే చిన్న స్టూడియో మన పురాణాల ఊహతో 'అసుర' అనే ఆటను 2017లో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల అంగడిలో పెట్టింది. అట్లాంటి ఆటకు పెద్ద పత్రికల విమర్శకులు దొరకడం కష్టం, మెటాక్రిటిక్‌లో సగటు కట్టాలన్నా కనీసం నలుగురు కావాలి. స్టీమ్‌లో అంకెలకు బదులు బొటనవేలే, పైకో కిందికో. పది మంది కొనుగోలుదారులు రాస్తే చాలు, పేరు కింద ఒక ముద్ర పడుతుంది. ఆ మొదటి పది మంది ఎవరన్నది చిన్న స్టూడియోకు చావుబతుకుల సంగతి.

ఇన్నాళ్ళూ మనుషుల్ని పెంచుకుంటూ వచ్చినవాళ్ళు ఇప్పుడు విడగొట్టడం మొదలుపెట్టారు. 2021 నవంబరు నుంచి గూగుల్ ప్లే స్టోర్‌లో ఏ దేశం వాళ్ళకు ఆ దేశం వాళ్ళు వేసిన రేటింగే చూపిస్తున్నారు. తర్వాత ఫోనుకు, టాబ్లెట్‌కు కూడా వేరు చేశారు. వేంపల్లెలో తమ్ముడి ఫోనులో ఒక ఆటకు కనబడే నక్షత్రాలు, డల్లాస్‌లో ఉన్న అన్న ఫోనులో అదే ఆటకు కనబడే నక్షత్రాలు ఒకటి కాకపోవచ్చు. వాట్సాప్‌లో ఇద్దరూ స్క్రీన్‌షాట్లు పెట్టుకొని వాదించుకుంటే, ఇద్దరి అంకే కరెక్టు.