కొంగకు చోటిచ్చిన ఇళ్లు

ముత్తుకూరు నుంచి కృష్ణపట్నం వైపు వెళ్తే బొగ్గు లారీల రద్దీకి కాస్త ఎడంగా కండలేరు ఉప్పుటేరు కనిపిస్తుంది. అంచున మడచెట్లు, వాటి కింది బురదలో కొంగలు. 2008లో ఓడరేవు మొదలయ్యాక, థర్మల్ కేంద్రాలు వచ్చాక ఈ తీరం రూపే మారిపోయింది. విదేశీ ఓడలు మాత్రం ఇక్కడికి కొత్త కాదు. దక్షిణాన పులికాట్‌లో 16వ శతాబ్దంలోనే పోర్చుగీసు వర్తకులు స్థిరపడ్డారు. 1610లో డచ్చివారు అడుగుపెట్టాక వారి జోరు తగ్గింది. మిరప, జీడిమామిడి మన దేశానికి పోర్చుగీసుల ఓడల్లోనే వచ్చాయి.

చరిత్ర పాఠాల్లో పోర్చుగీసులంటే ఫిరంగులే. వారి పల్లెల్లో కొంగకు దక్కే మర్యాద గురించి మనం చదవలేదు. దక్షిణ పోర్చుగల్‌లో చర్చి గోపురాల మీద, పొగగొట్టాల మీద, కరెంటు స్తంభాల మీద తెల్లకొంగలు గూళ్లు కడతాయి. ఏటా పాత గూటికే వచ్చి, దానికే కొత్త పుల్లలు చేరుస్తాయి. గూడు తీయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. 1984లో ఆ దేశంలో సుమారు 1500 జంటలే ఉండేవి; 2014 నాటికి 11 వేలు దాటాయి. వరి మడుల్లో పెరిగిన ఎర్ర రొయ్యల్లాంటి జీవులు, చెత్తకుప్పల్లో దొరికే తిండి అందుకు చాలావరకు కారణం. అయినా నెత్తిన గూడు పెట్టుకుని బతకడానికి మనుషులు ఒప్పుకోకపోతే ఆ తిండి ఎంత ఉంటే ఏం లాభం?

ఆ ఒప్పుకోలు మన తీరంలోనూ ఉంది. దొరవారిసత్రం మండలం నేలపట్టుకు (2022 నుంచి ఇది తిరుపతి జిల్లా) ఈశాన్య రుతుపవనాలతోపాటే గూడబాతులు, నత్తగుల్ల కొంగలు వస్తాయి. చెరువు నీళ్లలో నిలిచిన కడపచెట్ల మీద గూళ్లు. రెట్టలతో కొమ్మలు సున్నం కొట్టినట్టుంటాయి. గూడబాతు పిల్ల తల్లి ముక్కు కింది సంచిలోకి తల మొత్తం దూర్చి, లోపలి చేపను లాక్కుని తింటుంది. మొదటిసారి చూసినవారికి తల్లే పిల్లను మింగేస్తోందేమో అనిపిస్తుంది.

1976లో నేలపట్టు అభయారణ్యమైంది. పక్షులు అంతకు ముందునుంచీ వస్తున్నాయి, ఊళ్లవారు రానిస్తున్నారు. రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి బలమని రైతుకు తెలుసు. వానలు లేక చెరువు ఎండిన ఏడు పక్షులూ గూడు కట్టవు. అందుకే వాటి రాకను ఊరు మంచి శకునంగా చూసుకుంది. పిట్ట మీద రాయి విసరకూడదన్నది పిల్లలకు ఇంట్లో అవ్వ నేర్పే సంగతి. చట్టం ఆ మాటకు తోడైంది, అంతే. అవ్వ మాట లేని చోట ఒక్క చట్టం ఎంత కాపాడగలదో నాకు అనుమానమే.

ముత్తుకూరు తీరంలో పరిశ్రమలు నడుపుతున్నవారికి, చెరువులు తవ్వుతున్నవారికి ఒక్క విన్నపం: కండలేరు ఒడ్డున మిగిలిన మడచెట్ల జోలికి పోకండి. ఈ శీతాకాలం నేలపట్టు వెళ్లే పాఠకులు పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. గూళ్ల దగ్గర కేకలు వేయొద్దని ముందే చెప్పండి.