డ్యూటీ దిగాక చేసిన పని

టాటానగర్‌లో పని గంటల లెక్క చాలా ముందే కుదిరింది. ఉక్కు కర్మాగారంలో 1912లోనే ఎనిమిది గంటల డ్యూటీ మొదలైంది. జీతంతో సెలవు, ప్రావిడెంట్ ఫండ్ 1920లో వచ్చాయి. దేశమంతటికీ అలాంటి చట్టాలు రావడానికి ఆ తర్వాత సుమారు మూడు దశాబ్దాలు పట్టింది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ లెక్క తరతరాలుగా తెలుసు. జీతమిచ్చేవాడు పని అడగవచ్చు. డ్యూటీ దిగాక మనిషి పొద్దు మనిషిదే.

అవే కుటుంబాలు ఇవాళ కంప్యూటర్లో, ఫోనులో తెలుగు చదువుతున్నాయి, రాస్తున్నాయి. ఆ తెలుగులో చాలా భాగం ఎవరో డ్యూటీ దిగాక, పైసా తీసుకోకుండా చేసిన పని. మరి వాళ్లను మనం ఏం అడగవచ్చు?

కథ అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం దగ్గర మొదలుపెట్టాలి. అక్కడ కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ కలిసి, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన మాటను తెలుగు లిపిలోకి మార్చే ప్రోగ్రాము రాశారు. ఆర్‌టీఎస్ అని ఇప్పటికీ పిలుచుకునే పద్ధతి అప్పటిదే. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అనే ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు.

ఆ రోజుల్లో అసలు చిక్కు చదవడంలో ఉండేది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, తెలుగు పత్రికలు చాలాకాలం ఎవరి ఫాంటు వాళ్లే వాడుకున్నాయి. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టి తయారుచేసిన ఫాంట్లవి. ఆ ఫాంటు మన కంప్యూటర్లో లేకపోతే పేజీ నిండా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కనిపించేవి. ఒక పత్రికలోని వాక్యాన్ని వెతకడానికీ, మరోచోట అతికించుకోవడానికీ వీలుండేది కాదు. సొంత రాష్ట్రానికి దూరంగా ఉన్నవాళ్లకు ఇది చిన్న బాధ కాదు.

దీనికి విరుగుడు పద్మ. వెన్న నాగార్జున రాసిన ఈ చిన్న ప్రోగ్రామును వెబ్ బ్రౌజరు ఫైర్‌ఫాక్స్‌కు తగిలిస్తే, పత్రికల ఫాంట్లలోని రాత యూనికోడ్ తెలుగుగా మారిపోయేది. ఒక్కో ఫాంటుకూ దేని స్థానంలో ఏ గుణింతం, ఏ ఒత్తు ఉందో గుర్తుపట్టి పట్టిక కట్టాలి. ఎంత ఓపిక కావాలో ఊహించండి. 2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియాను మొదలుపెట్టిందీ ఆయనే.

పద్మ కోడు బహిరంగం. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. వీవెన్ దాని ఆధారంగానే, తెలుగు రాసుకునే లేఖిని అనే పరికరాన్ని తయారుచేశారు. తెలుగు టైపింగు నేర్చుకోని ఎందరో తొలిసారి తెలుగులో రాసింది లేఖినిలోనే. అడగకుండానే మనకు దక్కిన అసలు హక్కు ఇది: ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకోవచ్చు.

లైసెన్సు ఇచ్చే హామీ అంతవరకే. ఇలాంటి కోడుకు తరచూ వాడే జీపీఎల్ లైసెన్సు 1991 నాటి రెండో రూపంలో 11, 12 నిబంధనలు సూటిగా ఉంటాయి: పూచీ లేదు, నష్టపరిహారం లేదు. కాలం మారితే ప్రోగ్రాము చెడిపోవచ్చు కూడా. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చినప్పుడు, పద్మ పుట్టిన పాత పద్ధతిలో రాసిన పొడిగింపులేవీ అందులో పనిచేయలేదు. మళ్లీ రాయాలంటే ఎవరో ఒకరు మళ్లీ తమ సాయంత్రాలు ధారపోయాలి.

ఆ సాయంత్రాలను హక్కుగా లాక్కోబోతే ఏమవుతుందో ఎక్స్‌జెడ్ ఉదంతం చూపించింది. ఫైళ్లను కుదించే ఈ ప్రోగ్రామును ఫిన్లాండ్‌కు చెందిన లస్సె కొలిన్ జీతం లేకుండా చూసుకునేవారు. 2022లో పని నెమ్మదిగా సాగుతోందని కొందరు ఆయన్ను వేధించారు. తన మానసిక ఆరోగ్యం బాగాలేదనీ, ఇది జీతం లేని అభిరుచి పని అనీ ఆయన చెప్పుకోవలసి వచ్చింది. సాయానికొచ్చినట్టు వచ్చి నమ్మకం సంపాదించిన ఒకరు, చివరికి అందులో దొంగదారి పెట్టారు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానించి వెతకబట్టి అది బయటపడింది.

కాబట్టి ఉచితంగా పనిచేసేవారి నుంచి నిజాయితీ ఆశించవచ్చు. తెలిసిన లోపాన్ని దాచకూడదు. ఇక చూసుకోలేనప్పుడు ఆ మాట చెప్పాలి, కోడు తీసుకునే దారి మూయకూడదు. గడువులు, వెంటనే జవాబు, కోరిన మార్పు మాత్రం జీతమిచ్చేవాడు అడగవలసినవి. ఆ ప్రోగ్రాముల మీద వ్యాపారం చేసుకునే కంపెనీలు ముందుగా ఆ జీతం ఇవ్వాలి.

మీ ఫోనులో ఏదైనా తెలుగు ఒత్తు విడిపోయి కనబడితే, ఏ ఫోను, ఏ ఫాంటు, ఏ మాట అనేది రాసి, తెరపై కనబడినదాన్ని ఫొటో తీసి, దాన్ని తయారుచేసినవారికి పంపండి. సరిచేసేవారికి సగం పని తగ్గుతుంది. చివర థాంక్స్ అని కూడా రాయండి.