విపత్తు వేళకు ఇంట్లో వారం రోజుల నీరు, తిండి: అగళి ప్రాంత రైతులకు సూచనలు

అగళి, మడకశిర, హిందూపురం ప్రాంతాల్లో విపత్తు అంటే ముందుగా గుర్తొచ్చేది కరువే. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. అయితే అదే వాన రెండు మూడు రోజుల్లో కుమ్మరించిన సందర్భాలూ ఉన్నాయి. 2021 నవంబరు 19న చెన్నేకొత్తపల్లి మండలంలో చిత్రావతి ప్రవాహంలో చిక్కుకున్న పది మందిని వాయుసేన హెలికాప్టర్ ద్వారా కాపాడారు. వంకలు పొంగితే దారులు తెగుతాయి, స్తంభాలు కూలితే కరెంటు పోతుంది. కరెంటు లేకపోతే బోరు నడవదు, పిండి మర కూడా ఆడదు. అందువల్ల ఇంటిలో గింజలు నిండుగా ఉన్నా నీరు, పిండి లేక ఇబ్బంది పడవలసి వస్తుంది. ఏడాది గ్రాసంతో సంబంధం లేకుండా, వారం రోజులకు సరిపడా నిల్వను విడిగా ఉంచుకోవాలి.

నీటి నిల్వ

• తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్లు లెక్క వేసుకోవాలి. ఐదుగురు ఉన్న ఇంటికి వారానికి 140 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు ఏడు. స్నానానికి, పాత్రలకు వాడే నీరు దీనికి అదనం.
• మూత బిగుతుగా ఉండే, ఆహారానికి పనికివచ్చే క్యాన్లనే వాడాలి. పురుగుమందు డబ్బాలను ఎన్నిసార్లు కడిగినా తాగునీటికి, గింజలకు వాడరాదు.
• నీడలో ఉంచాలి. రెండు వారాలకోసారి ఆ నీటిని ఇంటి పనులకు వాడి, క్యాన్లు కడిగి మళ్ళీ నింపాలి.
• వరద నీరు చేరిన బావి, బోరు నీటిని శుద్ధి చేయకుండా తాగరాదు. నీటిని తేర్చి, గుడ్డతో వడకట్టి, బాగా మరగకాచి చల్లార్చాలి. కట్టెలు, గ్యాస్ లేనప్పుడు క్లోరిన్ మాత్రలు వాడవచ్చు. మాత్రల బలం ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది కాబట్టి ప్యాకెట్‌పై ఉన్న మోతాదు పాటించి, అరగంట తర్వాతే తాగాలి.
• మరిగించినా, క్లోరిన్ వేసినా ఫ్లోరైడ్ పోదు. బోరు నీటిలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళలో శుద్ధి కేంద్రం నీటినే నిల్వ చేసుకోవాలి.

ఆహార నిల్వ (ఐదుగురికి, వారానికి)

• రాగులు, బియ్యం కలిపి 14 కిలోలు. మర ఆడని రోజులకు ఇందులో 5 కిలోలు రాగిపిండిగా ఉండాలి. పిండి త్వరగా పురుగు పడుతుంది కాబట్టి పదిహేను రోజులకోసారి వాడేసి కొత్తది పెట్టాలి. రాగులు గింజగా ఉంటే చాలా కాలం చెడవు.
• కందిబేడలు, ఉలవలు, అలసందలు కలిపి 3 కిలోలు, నూనె 1 లీటరు, బెల్లం 1.5 కిలోలు, ఉప్పు, చింతపండు, కారం.
• పొయ్యి వెలిగించలేని రోజులకు బొరుగులు, పుట్నాలు, వేయించిన శనగవిత్తనాలు, కొర్రలు లేదా రాగులతో చేసిన పొడి తినుబండారాలు.
• పసిపిల్లల ఆహారం, రోజూ వేసుకునే మందులు, ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు, టార్చిలైటు, అగ్గిపెట్టె కూడా అదే చోట ఉంచాలి.

నిల్వలో జాగ్రత్తలు

• గింజలను బాగా ఎండబెట్టి, చల్లారాక డబ్బాల్లో పోయాలి. పంటి కింద గింజ కటుక్కున విరిగితే ఆరినట్లు. వేరుశనగ కాయల్లో తేమ 8 శాతం మించరాదు. కాయను ఊపితే లోపలి విత్తనం గలగలమనాలి. విత్తనాల కన్నా కాయలుగా ఉంచితే ఎక్కువ రోజులు నిలుస్తాయి.
• బూజు పట్టిన శనక్కాయల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. వేయించినా అది పూర్తిగా పోదు, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పశువులకు పెడితే పాలలోకి కూడా వస్తుంది. పారవేయడమే మేలు.
• ధాన్యంలో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రల నుంచి వచ్చే వాయువు ప్రాణాంతకం. మనుషులు పడుకునే ఇంట్లో వీటిని ఎట్టి పరిస్థితిలోనూ వాడరాదు.
• బస్తాలను నేలమీద కాకుండా ఎత్తు బల్లపై, గోడకు ఎడంగా పేర్చాలి. వంక పక్కన, చెరువు కట్ట కింద ఇళ్ళున్నవారు వారం నిల్వను అటక మీద పెట్టుకోవాలి. వరద నీటిలో తడిసిన పిండి, గింజలు తినరాదు.

పశువులకు

ఆవుకు రోజుకు 40 నుంచి 60 లీటర్లు, గొర్రెకు సుమారు 5 లీటర్ల నీరు కావాలి. ఇంత నీటిని క్యాన్లలో దాచలేము కాబట్టి వాన సూచన రాగానే తొట్టెలు, డ్రమ్ములు నింపుకోవాలి. రాగిగడ్డి, వేరుశనగ కట్టెను ఎత్తైన చోట వామి వేసి టార్పాలిన్ కప్పాలి. నీరు పెరిగేటప్పుడు పశువులను పలుపులు విప్పి వదలాలి. కట్టు మీద ఉన్న పశువు తప్పించుకోలేదు.

ఎప్పుడు సర్దుకోవాలి

నైరుతి వానలకు ముందు మే నెలలో ఒకసారి, ఈశాన్య వానలకు ముందు సెప్టెంబరు చివర మరోసారి నిల్వను తనిఖీ చేయాలి. డబ్బాలపై నింపిన తేదీ రాసి, పాతది ముందు వాడాలి. అత్యవసర సాయానికి 112, రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూమ్‌కు 1070, పశు అంబులెన్సుకు 1962 నంబర్లను వంటింటి గోడపై రాసి ఉంచుకోండి. కరెంటు ఉన్నప్పుడే ఫోను చార్జింగు పెట్టుకోండి.